లెక్క కుదరనప్పుడు...

కొత్త సర్క్యూట్‌ను బల్లమీద అమర్చే ముందు కంప్యూటర్‌లో పరీక్షించి చూడటం డిజైన్ విభాగాలలో నిత్యకృత్యం. ఇందుకు మూలాధారం ‘స్పైస్’. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొంది, 1973లో వెలుగు చూసిన ఈ ప్రోగ్రామ్ సంతతి నేటికీ వాడుకలో ఉన్నది.

డయోడ్, ట్రాన్సిస్టర్‌ల సమీకరణాలు ఒక్క మెట్టులో తేలేవి కావు. కనుక స్పైస్ న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో ముందుగా ఒక వోల్టేజిని ఊహించి, దానిని సరిదిద్దుతూ పోతుంది. వరుసగా వచ్చిన రెండు విలువల నడుమ తేడా నిర్ణీతమైన హద్దుకు, సాధారణంగా వెయ్యోవంతుకు, లోబడితే సమాధానం కుదిరినట్లు. దీనినే అభిసరణం అంటారు. కుదరకపోతే కాలపు మెట్టును ఇంకా చిన్నది చేసి ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే ‘టైమ్ స్టెప్ మరీ చిన్నది’ అంటూ ఆగిపోతుంది.

మా విభాగంలో ఒకసారి ఇదే జరిగింది. 24 వోల్టుల రిలే కాయిల్‌ను నడిపే చిన్న సర్క్యూట్ అది. ట్రాన్సిస్టర్ స్థానంలో ఒక స్విచ్‌ను ఉంచాము. స్విచ్ తెరుచుకున్న క్షణంలోనే లెక్క ఆగిపోయేది. బోర్డు తయారీకి గడువు దగ్గరపడింది. హద్దును వందోవంతుకు సడలిద్దామని ఒక యువ సహోద్యోగి సూచించారు. ముందు సర్క్యూట్‌ను మరొకమారు చూద్దామని కూర్చున్నాము. కాయిల్‌కు సమాంతరంగా ఉండవలసిన డయోడ్‌ను గీయడం మరచినది మేమే! కాయిల్‌లోని 0.1 ఆంపియర్ కరెంటు ఒక్కసారిగా ఆగదు. వేరే దారి లేక, తెరిచిన స్విచ్‌కు మేమిచ్చిన 10 లక్షల ఓమ్‌ల నిరోధం గుండానే పోవాలి. అంటే లక్ష వోల్టులు! లెక్క కుదరకపోవడంలో వింతేమున్నది? అదే బోర్డు తయారై ఉంటే ట్రాన్సిస్టర్ దెబ్బతినేది. డయోడ్‌ను చేర్చగానే, హద్దును తాకకుండానే లెక్క పూర్తయింది.

అప్పటినుండి మేమొక వరుసను పాటిస్తున్నాము. మొదట ప్రతి నోడ్ నుండి గ్రౌండ్‌కు డి.సి. మార్గం ఉన్నదా అని చూస్తాము. రెండు కెపాసిటర్ల నడుమ ఒంటరిగా మిగిలిన నోడ్‌కు పెద్ద రెసిస్టర్ నొకదానిని కలుపుతాము. తరువాత విలువలు. స్పైస్‌కు ‘ఎమ్’ అంటే మిల్లీ. మెగాకు ‘మెగ్’ అని వ్రాయాలి. ఇక్కడ పొరబడితే విలువ వంద కోట్ల రెట్లు మారిపోతుంది. పల్స్ క్షణంలో నిటారుగా లేవకుండా కొంత వ్యవధినిస్తాము. డయోడ్ నమూనాలో సిరీస్ నిరోధాన్ని, జంక్షన్ కెపాసిటెన్స్‌ను సున్నగా వదలము. డి.సి. స్థితియే తేలకపోతే నోడ్‌లకు తొలి అంచనాలు ఇస్తాము. లేదా సప్లయిని సున్న నుండి మెల్లగా పెంచి చూస్తాము. హద్దును సడలించడం చిట్టచివరి మాట.

సరుకు తగ్గినదని తూకపురాయిని అరగదీసే వర్తకుని ఎవరూ మెచ్చరు. కుదరని లెక్క కూడా మనకేదో చెబుతున్నదని తలచి, ముందుగా దాని మాట వినడమే ఇంజనీరుకు శ్రేయస్కరం.