పిల్లల కుంచె బిగుసుకుపోయిందా? పారేయకండి!

ఎండాకాలం సెలవులు ముగిసి బడులు తెరిచాక పిల్లల రంగుల పెట్టె తీసి చూస్తే, కుంచెలు పుల్లల్లా బిగుసుకుని ఉంటాయి. వెంట్రుకలు అతుక్కుపోయి, మొన వంకరపోయి, తాకితే గుచ్చుకుంటాయి. పాడైపోయిందని పెద్దలు వాటిని దిబ్బలో పారేస్తారు. కొత్తది కొనలేని ఇంట్లో ఆ బిడ్డ బొమ్మలు వేయడం అక్కడితో ఆగిపోతుంది. నిజానికి వాటిలో చాలా కుంచెలను గిన్నెడు నీళ్లతో బాగుచేసుకోవచ్చు.

అనంతపురం మెట్టసీమలో కుంచె త్వరగా గట్టిపడడానికి రెండు కారణాలు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన కురిసే ఈ నేలలో గాలి పొడి. పిల్లవాడు ఇంటర్‌బెల్లుకు వెళ్లి వచ్చేలోగా రంగు ఎండిపోతుంది. రెండోది బోరు నీళ్లు. చాలా ఊళ్లలో ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు సరికదా, తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకే పట్టుకుంటుంది. అందుకే సబ్బు కన్నా కుంకుడు రసం మేలు. ఉప్పునీళ్లలోనూ అది నురగనిస్తుంది. తలంటుకు నానబెట్టిన రసంలో రెండు చెంచాలు పక్కన పెడితే చాలు.

బడి పిల్లలు వాడే బిళ్ల రంగులు, పోస్టర్ రంగులు ఎండినా నీళ్లకు కరుగుతాయి. గోరువెచ్చని నీళ్లలో వెంట్రుకల వరకే మునిగేలా అరగంట నానబెట్టాలి. తర్వాత అరచేతిలో కుంకుడు రసం వేసుకుని కుంచెను మెల్లగా తిప్పాలి. రంగు ఎక్కువగా దాగేది రేకు తొడుగు మొదట్లో. అక్కడ వేళ్లతో నలపాలి. తొందరపడి మరిగే నీళ్లు పోస్తే లోపలి జిగురు వదిలి వెంట్రుకలు ఊడిపోతాయి.

అక్రిలిక్ రంగు సంగతి వేరు. అది ఎండితే నీళ్లకు లొంగదు. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. తలుపులకు వేసే పెయింటు అంటుకుంటే టర్పెంటాయిల్ వాడాలి. ఈ రెండు పనులూ పెద్దవాళ్లే, పొయ్యికి దూరంగా చేయాలి.

కుంచె మొన విలువ తెలియాలంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడాలి. 2022 నుంచి ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. మేక తోలును పలచగా చేసి, నగల గీతలు దిద్ది, చిన్న ఉలులతో రంధ్రాలు కొట్టి, దీపం వెలుగు దూరేలా రెండు వైపులా రంగు వేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మొన చీలిన కుంచెతో అంత సన్నటి పని సాగదు.

నీళ్లకు కరువైన ఊళ్లలో కుంచెలు కడగడానికి బకెట్లు అక్కర్లేదు. పని కాగానే ముందు పాత గుడ్డతో రంగు తుడిచేయాలి. ఒక గ్లాసులో కడిగి, రెండో గ్లాసులో జాడిస్తే సరి. ఆ రంగునీళ్లు పశువుల కుడితి తొట్టిలో మాత్రం పోయకూడదు.

జాడించాక వేళ్లతో మొన దిద్ది, నీడలో పడుకోబెట్టి ఆరనివ్వాలి. తడి కుంచెను తలకిందులుగా గ్లాసులో వదిలేయడం పిల్లలకు అలవాటు. దాంతో మొన వంగిపోతుంది. వెంట్రుకలు పైకి ఉండేలా నిలబెడితే నీరు రేకులోకి దిగి కట్టె ఉబ్బుతుంది. ఆరిన తర్వాత ఎలా నిలబెట్టినా ఫరవాలేదు.

కొత్తది కొనాల్సి వస్తే నైలాన్ కుంచె పిల్లలకు సరిపోతుంది. ముంగిస వెంట్రుకల కుంచెల అమ్మకం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఎంత నానబెట్టినా మొన కుదరని కుంచెను పొట్టిగా కత్తిరించి చుక్కలు పెట్టడానికో, అట్టలకు జిగురు పూయడానికో వాడుకోవచ్చు.