నిప్పు ఆరాక మిగిలే మెమరీ

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల దగ్గర విమానాల బ్లాక్ బాక్స్ మాటెత్తితే తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇంత క్లౌడ్ వచ్చాక కూడా శిథిలాల్లో పెట్టె కోసం వెతకడమేమిటి, డేటాను ఎప్పటికప్పుడు సర్వర్‌కు పంపేస్తే సరిపోదా అని. ఒక చోట పోయిన డేటా మరో చోట దొరికేలా చూడటమే వృత్తి అయినవాళ్లు అలా అడగడం న్యాయమే.

2009 జూన్ 1న అట్లాంటిక్ సముద్రంలో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 అలా పంపిన విమానమే. చివరి నిమిషాల్లో అది తనంతట తానే ఉపగ్రహం ద్వారా 24 సందేశాలు పంపింది. వేగం చూపే సాధనాలు గాడి తప్పాయని వాటివల్ల తెలిసింది. ఆ తర్వాత పైలట్లు ఏం చేశారో మాత్రం తెలియలేదు. 2011 మేలో, దాదాపు 3,900 మీటర్ల లోతు నుంచి బ్లాక్ బాక్సులైన రికార్డర్లను పైకి తీశాకే అది బయటపడింది. రెండేళ్లపాటు ఉప్పునీటి అడుగున ఉన్నా వాటిలోని డేటా చదవగలిగారు. అదుపు తప్పిన విమానం యాంటెన్నా ఉపగ్రహం వైపు నిలకడగా ఉండదు. మనకు అన్నిటికన్నా ముఖ్యమైన క్షణాల్లోనే లింకు తెగిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే పెట్టె ఇంకా అవసరం.

2009లోనే, సెప్టెంబరు 2న మన హైదరాబాద్‌లో బేగంపేట నుంచి చిత్తూరుకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డితో సహా అందులోని ఐదుగురూ మరణించారు. శకలాలు కనిపించింది మర్నాడే. రాష్ట్రమంతా అనుమానాలు చెలరేగాయి. కూలడం చూసి చెప్పేవాళ్లు ఆ అడవిలో దొరకడం కష్టం. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ కమిటీకి ఆధారమైనవాటిలో ముఖ్యమైనది కాక్‌పిట్ వాయిస్ రికార్డర్. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరికకు పరిష్కారం కోసం పైలట్లు చివరి నిమిషాల్లో తలమునకలై ఉన్నారని దానివల్లే తేలింది. ప్రతికూల వాతావరణం, బలంగా కిందికి తోసే గాలి మిగతా పని చేశాయని కమిటీ చెప్పింది. ఆ కుటుంబాలకూ ప్రజలకూ ఊహలు కాకుండా ఒక వివరణ దక్కింది.

ఇంతకీ ఆ పెట్టె అంత దెబ్బను ఎలా తట్టుకుంటుంది? నిజానికి పెట్టె అంతా తట్టుకోదు. సెన్సర్ల నుంచి వచ్చే సమాచారాన్ని సర్దే సర్క్యూట్లు, పవర్ సప్లై, కనెక్టర్లు నుజ్జయినా ఫర్వాలేదనే దాన్ని రూపొందిస్తారు. కాపాడేది మెమరీ చిప్పులున్న చిన్న భాగాన్ని మాత్రమే. చిప్పుల చుట్టూ వేడిని ఆపే పొర, దాని మీద మందపాటి స్టెయిన్‌లెస్ స్టీలు లేదా టైటానియం కవచం ఉంటాయి. శిథిలాల్లో కంటపడాలని బయట నారింజ రంగు వేస్తారు. కూలినప్పుడు ముందుగా తగిలే దెబ్బను మిగతా విమానం తీసుకుంటుందని రికార్డర్లను ఎక్కువగా తోక భాగంలో అమరుస్తారు.

పరీక్షలు కఠినం. మొదటిది ఢీకొట్టడం: 6.5 మిల్లీసెకన్ల పాటు గురుత్వ బలానికి 3,400 రెట్లు. లెక్కవేస్తే, గంటకు ఇంచుమించు 500 కిలోమీటర్ల వేగంతో వస్తున్న వస్తువు రెప్పపాటుకన్నా తక్కువ కాలంలో ఆగిపోవడం. ఆ క్షణంలో గ్రాము బరువున్న చిప్పు 3.4 కిలోలు తూగుతుంది. చిప్పు తేలిక కాబట్టి, కదిలే భాగాలు లేవు కాబట్టి నిలుస్తుంది. పాత టేపు రికార్డర్ల బలహీనతల్లో ఒకటి వాటి చక్రాలే. తర్వాత, సుమారు 227 కిలోల బరువుకు పావు అంగుళం ఉక్కు మేకు బిగించి మూడు మీటర్ల ఎత్తునుంచి దాని మీద పడేస్తారు. అయిదు నిమిషాలపాటు నొక్కి ఉంచుతారు. 6,000 మీటర్ల లోతులో ఉండే నీటి ఒత్తిడికి గురిచేస్తారు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది మంట పరీక్ష, ఎందుకంటే అది రెండు రకాలు. ఒకటి 1,100 డిగ్రీల సెల్సియస్‌లో గంటసేపు. రెండోది 260 డిగ్రీలలో పది గంటలు. చూడ్డానికి రెండోది సులువే అనిపిస్తుంది. కానీ వేడి లోపలికి చేరడానికి కావలసింది సమయం. రంపపు పొట్టులో కప్పిన ఐసుగడ్డ ఎంత ఎండలోనైనా కొన్ని గంటలు నిలుస్తుంది గానీ రోజంతా నిలవదు. కవచం లోపలి పొడి సిలికా లాంటి పదార్థం చేసే పనీ అదే, వేడిని ఆలస్యం చేయడం. ఎగసే మంటకు నిలిచిన రికార్డర్ నిదానంగా కుమిలే శిథిలాల కింద ఓడిపోవచ్చు. అందుకే ఆ రెండో పరీక్ష పెట్టారు.

ఈ ఆలోచనకు రూపమిచ్చినవారిలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ వారెన్ ఒకరు. 1953–54లో కామెట్ జెట్ విమానాలు వరుసగా కూలాయి. వాటిలో ఒకటి కలకత్తా డమ్‌డమ్ నుంచి ఎగిరిన కాసేపటికే తుపాను గాలిలో విచ్ఛిన్నమై 43 మందిని బలిగొంది. ఆ ప్రమాదాల చర్చల్లో పాల్గొన్న వారెన్, పైలట్ల మాటలు రికార్డై ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నారు. ఆయన తండ్రి 1934లో విమాన ప్రమాదంలోనే పోయారు.

మన దేశంలో డేటా చదివే ఏర్పాటు ఈమధ్యే బలపడింది. 2025 ఏప్రిల్‌లో శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ఢిల్లీలో రికార్డర్ల ల్యాబ్‌ను ప్రారంభించారు. మన బాలానగర్‌లో ఏవియానిక్స్ విభాగం ఉన్న హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్) సంస్థ దానికి సహకరించింది. దాదాపు రెండు నెలలకే, జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలింది. ఆ బోయింగ్ 787లో రికార్డర్లు రెండు. తోకలోది ఒక భవనం పైకప్పు మీద దొరికింది గానీ బాగా దెబ్బతింది, మామూలు పద్ధతుల్లో డేటా రాలేదు. ముందుభాగంలోది నాలుగు రోజుల తర్వాత శిథిలాల్లో దొరికింది. దాని మెమరీని తీసి, దాదాపు 49 గంటల ఫ్లైట్ డేటానూ రెండు గంటల ఆడియోనూ రాబట్టారు. తోకే సురక్షితం అన్న పాత నమ్మకం ఈసారి పనిచేయలేదు. రెండు చోట్ల ఒకే సమాచారం దాచడం వల్లే విచారణ ముందుకు సాగింది. సర్వర్లు నడిపేవారికి ఇది బాగా తెలిసిన సూత్రమే.

కవచం విషయంలో చాలావరకు గెలిచామనే నా అభిప్రాయం. ఇప్పుడు లోపం కరెంటులోనూ నిడివిలోనూ ఉంది. చాలా విమానాల వాయిస్ రికార్డర్‌లో ఉండేది చివరి రెండు గంటల మాటలే. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం తలుపు ప్యానెల్ ఊడిపోయినా క్షేమంగా దిగింది, అయినా అప్పటి పైలట్ల సంభాషణ పైన కొత్త శబ్దాలు రికార్డై చెరిగిపోయింది. ఇప్పుడు ఐరోపాలోనూ అమెరికాలోనూ నిబంధనలు 25 గంటల వైపు మళ్లాయి. కరెంటు సంగతి మరీ బాధాకరం. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో జేజు ఎయిర్ విమానం కూలి 179 మంది చనిపోయారు. రెండు రికార్డర్లూ దొరికాయి. కానీ చివరి నాలుగు నిమిషాలు వాటిలో లేవు. ఆ విమానం 2009లో తయారైంది. విమానంలో కరెంటు పోయాక కూడా పది నిమిషాలు వాయిస్ రికార్డర్‌ను నడిపే ప్రత్యేక సరఫరా ఉండాలన్న అమెరికా నిబంధన 2010లో తయారైనవాటితో మొదలైంది.