సైకిలు ఎంపిక

సైకిలు ఎంపిక అనగా ప్రయాణ దూరం, దారి స్వభావం, మోయవలసిన బరువు, తొక్కేవారి ఎత్తు, వెచ్చించగల సొమ్ములను బట్టి తగిన రకం సైకిలును నిర్ణయించుకోవడం. సైకిలుకు ఇంధన వ్యయం లేదు. అయితే అవసరానికి సరిపడని రకం కొన్నచో మరమ్మతుల ఖర్చు పెరుగుతుంది, లేదా సైకిలు వాడకంలో లేకుండా మూలన పడుతుంది.

రకాలు

* సాధారణ సైకిలు (రోడ్‌స్టర్): దీనికి 28 అంగుళాల చక్రాలు, ఉక్కు ఫ్రేము, కడ్డీ బ్రేకులు, ఒకే గేరు ఉంటాయి. బరువు సుమారు 20 కిలోలు. పాలక్యాన్లు, గడ్డిమోపుల వంటివి మోయుటకు అనువైనది. విడిభాగాలు పల్లెలలోని సైకిలు షాపులలో కూడా లభిస్తాయి. వర్షంలో ఉక్కు రిమ్ములు తడిసినపుడు బ్రేకులు సరిగా పట్టకపోవడం దీని ముఖ్యమైన లోపం.
* లేడీస్ సైకిలు: చీర, లంగా వంటి దుస్తులతో ఎక్కి దిగుటకు వీలుగా అడ్డబారు కిందికి దిగి ఉంటుంది.
* మౌంటెన్ బైకు: వెడల్పాటి, గాట్లు గల టైర్లు ఉంటాయి. మట్టిదారులకు, ఎగుడుదిగుడు నేలకు తగినది. తారురోడ్డుపై ఎక్కువ శ్రమ అవసరమవుతుంది.
* రోడ్ బైకు: సన్నని టైర్లు, వంపు హ్యాండిలు కలిగి తేలికగా ఉంటుంది. వేగానికి, దూరప్రయాణాలకు అనుకూలం. గుంతల రోడ్లకు, బరువులకు పనికిరాదు. ధర కూడా ఎక్కువే.
* హైబ్రిడ్: పై రెండింటికీ మధ్యస్థమైనది. పట్టణాలలో రోజువారీ రాకపోకలకు అనువుగా ఉంటుంది.

గేర్ల అవసరం

ముందు పళ్ళచక్రానికి 44, వెనుక దానికి 18 పళ్ళు గల 28 అంగుళాల సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. ఇది చదునైన నేలకు చాలును. కొండదారులలో, వంతెనలపై ఈ దూరం తగ్గేకొద్దీ తొక్కడం తేలికవుతుంది. గేర్లు చేసే పని ఇదే. మైదాన ప్రాంతంలో రెండు మూడు కిలోమీటర్ల దూరాన గల బడికి వెళ్ళే విద్యార్థికి గేర్లు అవసరం లేదు.

తక్కువ ధరలో కొనునపుడు

చౌక సైకిళ్ళకు అమర్చే సస్పెన్షన్ బరువును పెంచి, తొక్కేవారి శక్తిలో కొంత భాగాన్ని వృథా చేస్తుంది. ఒకే ధరలో లభించే రెండింటిలో సస్పెన్షన్ లేని దానికి సాధారణంగా మెరుగైన చక్రాలు, బేరింగులు, బ్రేకులు ఉంటాయి. తాళం, గంట, లైటు, గాలిపంపు ఖర్చును కూడా ముందే లెక్కించుకోవాలి. భారతదేశంలో సైకిళ్ళపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది.

పిల్లలు ఎదుగుతారని పెద్ద సైకిలు కొనడం ప్రమాదకరం. అడ్డబారుకు ఇరువైపులా కాళ్ళు పెట్టి నిలబడినపుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. ఎత్తు పెరిగేకొద్దీ సీటును కొంతవరకు పైకి జరుపుకోవచ్చును.

పాత సైకిళ్ళు

పరిమిత సొమ్ముతో పాత సైకిలు కొనడం మరొక మార్గం. ఫ్రేము అతుకుల వద్ద పగుళ్ళు ఉన్నచో దానిని కొనరాదు. చక్రాన్ని ఎత్తి తిప్పినపుడు ఊగకుండా తిరగాలి. స్వల్పమైన బెండును పుల్లలు బిగించి సరిచేయవచ్చును. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు అరుగుదల భాగాలు కనుక వాటిని మార్చుటకయ్యే ఖర్చును ధరకు కలిపి, కొత్త సైకిలు ధరతో పోల్చుకోవాలి.