కేసు ఫైళ్లకు తాళం: పాస్‌వర్డ్‌లను ఎలా దాచుకోవాలి, ఎలా బ్యాకప్ చేసుకోవాలి

నా పరిశోధన అట్రాసిటీ కేసుల మీద. దాని కోసం నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో తిరుగుతున్నాను. కిందటి వేసవిలో ఒక ఊరి కమిటీ వాళ్లు నన్ను కూర్చోబెట్టి తమ కష్టం చెప్పారు. కేసు కాగితాలన్నీ ఒక ఈమెయిల్ ఖాతాలో దాచారు. ఎఫ్‌ఐఆర్ కాపీలు, ఆసుపత్రి సర్టిఫికెట్లు, సాక్షుల ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఒక కుర్రాడి ఫోన్‌లో ఉండేది. ఫోన్ పోయింది. రీఛార్జ్ చేయక సిమ్ అంతకుముందే ఆగిపోయింది, ఓటీపీ వచ్చే దారి కూడా లేదు. వాయిదా దగ్గరపడ్డాక ఇంటింటికీ వెళ్లి జిరాక్స్‌లు పోగు చేశారు. ఒక సాక్షి నంబరు చివరి దాకా దొరకలేదు.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. అదే ఖాతాను నెట్ సెంటర్‌లో తెరిచి, లాగవుట్ చేయకుండా వచ్చేస్తే? ఊరు విడిచి బంధువుల ఇంట్లో తలదాచుకున్న బాధితురాలి అడ్రస్ ఎదుటి పక్షం చేతికి చిక్కవచ్చు. మన కాగితాలు మనకు దొరకాలి, ఇతరులకు దొరకకూడదు. ఈ రెండూ కలిసి సాగాలి.

కేసులు ఫోన్లకంటే ఎక్కువ కాలం నడుస్తాయి. చుండూరులో దళితుల ఊచకోత జరిగింది 1991 ఆగస్టు 6న. ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007లో. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దాదాపు 23 ఏళ్లు. ఇంత కాలంలో ఎన్ని ఫోన్లు మారతాయి, కమిటీలో ఎంతమంది మారతారు?

పరికరం మన దగ్గరే ఉన్నా, రేపు కూడా ఉంటుందన్న హామీ లేదు. భీమా కోరేగావ్ కేసులో 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాద్‌లో ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేశారు. దళిత సాహిత్యంపై పనిచేసే ఆయన ఆ కేసులో నిందితుడు కాదు. అయినా కంప్యూటర్, హార్డ్ డిస్క్‌లు తీసుకెళ్లారు. ఏళ్ల తరబడి చేసిన పని వాటిలోనే ఉందని ఆయన అప్పట్లో వాపోయారు. పరికరాల స్వాధీనానికి నియమాలు కావాలని ఐదుగురు అధ్యాపకులు 2021లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. నియమాలు వచ్చే దాకా మన జాగ్రత్త మనదే.

పాస్‌వర్డ్ డేటాబేస్ అంటే

అన్ని ఖాతాల పాస్‌వర్డ్‌లనూ ఒకే ఫైలులో పెట్టి తాళం వేయడమే. కీపాస్, కీపాస్‌ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్ ఫోన్లలో కీపాస్‌డీఎక్స్ ఇందుకు పనికొస్తాయి. మూడూ ఉచితం, ఓపెన్ సోర్స్. కేడీబీఎక్స్ రకం ఫైలు తయారవుతుంది. లోపల ఉన్నదంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మాస్టర్ పాస్‌వర్డ్ లేనివాళ్లకు అందులో అర్థంలేని అక్షరాలే కనిపిస్తాయి. ఆ ఒక్క పాస్‌వర్డ్ మరిచిపోతే మనకూ అంతే. ఇక్కడ 'ఫర్గాట్ పాస్‌వర్డ్' బటన్ ఉండదు.

ఫైలు ఎంత గట్టిదో మాస్టర్ పాస్‌వర్డ్‌ను బట్టి ఉంటుంది. 2022లో లాస్ట్‌పాస్ కంపెనీ నుంచి ఖాతాదారుల డేటా బ్యాకప్‌లను హ్యాకర్లు ఎత్తుకెళ్లారు. లోపలి పాస్‌వర్డ్‌లకు తాళం ఉంది. కానీ ఫైలు చేతిలో ఉన్నవాడు తీరిగ్గా లక్షల సార్లు ఊహించి చూడగలడు. బలహీనమైన మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకే అప్పుడు ఎక్కువ భయం.

మన దగ్గర జైభీమ్‌కు 1891 తగిలించిన పాస్‌వర్డ్‌లు ఎన్నో చూశాను. మనల్ని ఎరిగినవాడు ముందుగా ప్రయత్నించేది అదే. నినాదాలు, పాటల పల్లవులు, పిల్లల పేర్లు వద్దు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు మాటలు తీసుకోండి. పాచికలు వేసి ఎంచుకుంటే ఇంకా మంచిది. 7,776 మాటల జాబితాలు ఇందుకోసమే ఉన్నాయి, ఐదు పాచికలు వేస్తే ఒక మాట వస్తుంది. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్లు స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకోవాలి. 'చెట్టు'కు ఒకరు ఒక టి పెడతారు, మరొకరు రెండు పెడతారు. ఆ ఒక్క అక్షరం తేడాకే ఫైలు తెరుచుకోదు.

మూడు కాపీలు, వేర్వేరు చోట్ల

ఒక కాపీ మీరు రోజూ వాడే ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో ఉంటుంది. రెండోది పెన్‌డ్రైవ్‌లో, వేరే ఊళ్లో. మాచర్లలో పనిచేసేవారి పెన్‌డ్రైవ్ నరసరావుపేటలో ఉండాలి. ఒకే ఇంట్లో లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ రెండూ ఉంటే దొంగతనానికైనా సోదాకైనా రెండూ కలిసే పోతాయి. బండి డిక్కీలో పడేసి రెంటచింతల ఎండలో తిప్పకండి. మూడోది ఆన్‌లైన్ డ్రైవ్‌లో. ఫైలుకు తాళం ఉంది కాబట్టి అక్కడ ఉంచవచ్చు.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. ఆన్‌లైన్ డ్రైవ్ పాస్‌వర్డ్‌ను కూడా డేటాబేస్‌లోనే పెడతారు. మిగతా కాపీలు పోయిన రోజున, తాళంచెవిని ఇంట్లో పెట్టి ఇంటికి తాళం వేసినట్టవుతుంది. ఆ పాస్‌వర్డ్‌నూ, రికవరీ కోడ్‌లనూ కాగితం మీద రాసి విడిగా ఉంచండి. కీ ఫైల్ వాడేవాళ్లు దానికీ కాపీ తీసుకోవాలి, కానీ డేటాబేస్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో మాత్రం పెట్టకూడదు.

ఇద్దరు ఒకే ఫైలును వేర్వేరు ఫోన్లలో మారిస్తే ఒకరి మార్పులు పోతాయి. కీపాస్‌ఎక్స్‌సీలో రెండు కాపీలను కలిపే సదుపాయం ఉంది. సేవ్ చేసే ముందు పాత ఫైలును దాచే సెట్టింగ్ కూడా ఉంది, దాన్ని ఆన్ చేసుకోండి. మూడు నెలలకోసారి బ్యాకప్‌ను మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు.

చెవి ఎవరి చేతిలో

మాస్టర్ పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని కవరులో పెట్టి అంటించండి. పెన్‌డ్రైవ్ ఒకరి దగ్గర, కవరు ఇంకొకరి దగ్గర ఉండాలి. కమిటీల్లో పాస్‌వర్డ్ ఎవరికి తెలిస్తే పెత్తనం వారిదే అవుతోంది, ఎక్కువసార్లు ఆ ఒక్కరూ మగవాళ్లే. ఊళ్లలో బాధితులతో మాట్లాడి వివరాలు తెచ్చేది ఎక్కువగా మహిళా కార్యకర్తలు. ఆ ఇద్దరిలో ఒకరు వారు కావడం న్యాయం.

ఎవరైనా కమిటీ నుంచి తప్పుకుంటే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటి మారిస్తే చాలదు. వారి దగ్గరున్న పాత కాపీ పాత పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటూనే ఉంటుంది. లోపలి ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి.

ఈ తాళం అన్నిటినీ ఆపదు. రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి మాల్‌వేర్ ద్వారా ఫైళ్లు చొప్పించారని 2021 ఫిబ్రవరిలో ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక చెప్పింది. కంప్యూటరే పరాయివాడి చేతిలో ఉంటే మనం టైప్ చేసిన మాస్టర్ పాస్‌వర్డ్ కూడా వాడికి తెలుస్తుంది. అందుకే నెట్ సెంటర్‌లో డేటాబేస్ తెరవకండి, తెలియని అటాచ్‌మెంట్లు నొక్కకండి, యాప్‌లు అప్‌డేట్ చేయండి. సోదా జరిగితే స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా అడిగి తీసుకోండి, వెంటనే లాయర్‌తో మాట్లాడండి. ఆ సమయంలో ఏదీ చెరిపేయకండి, సాక్ష్యం మాయం చేశారన్న కేసు అదనంగా పడుతుంది.

మొదట నేను చెప్పిన కమిటీ ఇప్పుడు ఈ పద్ధతిలోకి వచ్చింది. డేటాబేస్ తయారు చేసి, మూడు కాపీలు తీయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది. పోయిన కాగితాలు మళ్లీ సంపాదించడానికి మాత్రం వాళ్లకు నెలలు పట్టింది.