గోటితో గీకితే పచ్చగా ఉంది!

"ఏమండీ, ఆ చచ్చిన మొక్కల్ని పీకి పారేయండి. ఇంటి ముందు చూడ్డానికి ఏం బాగుంది?" అని మా ఆవిడ రెండు వారాలుగా పోరుతోంది. 2022 మార్చి నెలాఖరు. మంచు కరిగి నేల బయటపడింది. ఆర్నెల్ల కిందట ముచ్చటపడి నాటిన మూడు మొక్కలూ తుప్పు పట్టిన ఇనుములా గోధుమ రంగుకి తిరిగాయి. అంతకు ముందు నాటినవి కూడా ఇలాగే రంగు మారి, మళ్ళీ పచ్చబడకుండానే పోయాయి. ఇవీ అంతేననుకుని గడ్డపార తీశా. అప్పటికి పది రోజుల ముందే ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి వచ్చిన నాన్న, రెండు స్వెట్టర్లు తొడుక్కుని బయటికొచ్చి "ఆగరా" అన్నారు. కింద కూర్చుని కొమ్మ మొదట్లో బొటనవేలి గోటితో చిన్నగా గీకారు. లోపల లేత పచ్చ!

నేను ఇక్కడ కిచెనర్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్ సూపర్‌వైజర్ని. సివిల్ డిప్లొమా చేసి, దుబాయ్‌లో కొన్నాళ్ళు ఎండలో మాడి, తర్వాత ఈ చలి దేశానికొచ్చా. సిమెంటు, ఇనుము సంగతి అడిగితే చెప్తాను గానీ మొక్కల సంగతి నాకేం తెలుసు? ఇల్లు కొన్నాక ముందు వైపు చిన్న వాలు మిగిలింది. గడ్డి కోయాలంటే మెషిన్ జారిపోతోంది. కోయక్కర్లేకుండా నేలంతా పరుచుకునే మొక్క కావాలని నర్సరీలో అడిగితే 'రష్యన్ సైప్రస్' అని చూపించారు. ఒక్కోటి ముప్పై డాలర్ల పైనే.

దీని అసలు పేరు మైక్రోబయోటా. రష్యా తూర్పు కొసన, వ్లాదివొస్తోక్ వైపున్న సిఖోతె అలిన్ కొండల్లో, పెద్ద చెట్లు ఎదగలేని ఎత్తుల్లో రాళ్ళ మధ్య పుట్టిన మొక్క. 1921లో శాస్త్రజ్ఞుల కంటబడింది, 1923లో పేరు పెట్టారు. 'బయోటా' అంటే మనకి తెలిసిందే. మన బళ్ళ ముందు, ట్రావెలర్స్ బంగళాల ముందు పెంచుతారే థూజా, దానికి ఒకప్పటి శాస్త్రీయ నామం అది. ఆకు పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని దాచుకునేవాళ్ళం, గుర్తుందా? దాని చిన్న చుట్టం ఇది. మోకాలెత్తు కూడా లేవదు. పక్కలకి మాత్రం ఆరడుగులు పైనే పాకుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది. తమాషా ఏమిటంటే వ్లాదివొస్తోక్, కిచెనర్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 43 డిగ్రీల దగ్గర!

మరి అంత గట్టి మొక్క నా దగ్గరెందుకు చచ్చింది?

2020లో మొదటిసారి నాటినప్పుడు లోతుగా గుంత తీసి, మంచి మట్టి పోసి, రోజూ నీళ్ళు పెట్టా. మరుసటి ఏడు జూన్‌లో పీకి చూస్తే వేర్లు నల్లబడి కంపు కొడుతున్నాయి. ఫోన్లో నాన్నకి చూపించా. ఆయన నల్లరేగడిలో మిరప, కంది పండించిన మనిషి. "చలి కాదురా, నీళ్ళు. మిరప చేలో నీళ్ళు నిలిస్తే ఏమవుద్ది? నీళ్ళలో నిలబడే ఎండిపోద్ది" అన్నారు.

సిగ్గేసింది. ఎందుకంటే ఆ నీళ్ళు ఎందుకు నిలుస్తాయో నాకన్నా బాగా తెలిసినవాడు ఎవరు? కొత్త ఇళ్ళ వెంచర్లో ముందు పైమట్టి మొత్తం గీకేస్తాం. ఏడాది పొడుగునా ఎక్స్‌కవేటర్లు, ట్రక్కులు తిరిగి అడుగుమట్టి రాయిలా బిగుస్తుంది. ఆఖర్న దాని మీద కాస్త పైమట్టి పరిచి, గడ్డి చాపలు అతికించి తాళాలు ఇచ్చేస్తాం. అలాంటి బంకనేలలో గుంత తీస్తే అది బకెట్టే. మంచు కరిగిన నీళ్ళన్నీ అందులోనే. సైట్లో రోజూ కంపాక్షన్ సరిపోయిందా అని అరిచే నేను, నా ఇంటి ముందు ఆ సంగతే మర్చిపోయా.

మీరు నాటేముందు ఒక అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి. ఇంకాక మళ్ళీ నింపి గంటసేపు చూడండి. అంగుళమైనా దిగకపోతే అక్కడ గుంతలో నాటొద్దు. నాన్న చెప్పినట్టు బోదె కట్టండి. నేను మట్టిలో గ్రావెల్ కలిపి దాదాపు పది అంగుళాల ఎత్తు బోదె పోసి, కుండీలో చుట్టుకుపోయిన వేర్లని వేళ్ళతో విడదీసి, మొదలు కాస్త పైకే ఉండేలా 2021 సెప్టెంబరులో నాటా. మొక్కకీ మొక్కకీ ఐదడుగులు.

ఇంకో మాట. పలుగు దించేముందు ఒంటారియో వన్ కాల్‌కి చెప్పడం ఇక్కడ తప్పనిసరి, ఇంటివాళ్ళక్కూడా. డబ్బులేమీ తీసుకోరు. వచ్చి గ్యాస్ లైనుకి పసుపు, కరెంటుకి ఎరుపు, మంచినీళ్ళకి నీలం గీతలు గీసి వెళ్తారు. "మొక్క నాటడానికి కూడా పర్మిషనా?" అని నాన్న నవ్వారు గానీ, గ్యాస్ పైపుకి పలుగు తగిలితే నవ్వులాట కాదు.

కాలిబాట అంచున మాత్రం దీన్ని పెట్టలేదు. మంచు ఆగిన 24 గంటల్లో కాలిబాట శుభ్రం చెయ్యాలని ఇక్కడి రూలు. దాంతో అందరం ఉప్పు చల్లుతాం. నేల చౌడు అవుతుంది. ఆ వరసలో పాకే జునిపర్ వేశా. అది ఉప్పుని బాగా ఓర్చుకుంటుంది, కాకపోతే దానికి పూర్తి ఎండ కావాలి. మైక్రోబయోటా కొంచెం నీడనీ సర్దుకుంటుంది. అద్దె ఇళ్ళలో ఉన్న తమ్ముళ్ళు కుండీలో పెంచొచ్చా అని అడుగుతున్నారు. కుండీలో వేర్లకి నాలుగు వైపులా చలి తగులుతుంది, నేలలో తట్టుకున్నంతగా తట్టుకోలేదు.

మొదటి రెండు వేసవులు వారానికోసారి బాగా తడపాలి. నవంబరులో నేల గడ్డకట్టకముందు ఒకసారి నిండా తడపాలి. చలిగాలికి ఆకు నీళ్ళు పోగొట్టుకుంటుంది, గడ్డకట్టిన నేల నుంచి వేరు తాగలేదు. మీద మంచు పడితే దులపకండి, అదే దానికి దుప్పటి. ఆకుల్లేని పాత కొమ్మ దాకా కత్తిరిస్తే అక్కడ మళ్ళీ చిగురు రాదు.

ఇక ఆ గోధుమ రంగు. చలికాలంలో ఎండ తగిలే చోట దాని అలవాటే అది. ఆకు చావదు, రంగు మారుస్తుంది. గల్ఫ్‌లో ఉన్న సోదరులకి వింతగా ఉండొచ్చు, అక్కడ గోధుమ రంగొస్తే మొక్క పని అయిపోయినట్టే కదా! ఇక్కడ అనుమానం వస్తే నాన్నలా గోటితో గీకి చూడండి. ఆ ఏడు ఏప్రిల్ ఆఖరుకి కొసల్లో పచ్చ తిరిగింది, మే నెలకి మొత్తం పచ్చబడింది. నాన్న రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో వెళ్ళి చూసొచ్చేవారు. మా ఆవిడ గడ్డపారని గ్యారేజీలో వెనక్కి దాచేసింది.

ఇప్పుడు ఒక్కోటీ మూడడుగులు దాటి, పక్కదాన్ని అందుకోబోతోంది. నాన్న ఊళ్ళోనే ఉంటున్నారు, మోకాళ్ళ నొప్పులతో మళ్ళీ ప్రయాణం చేయలేనంటున్నారు. మార్చి వచ్చిందంటే చాలు, వీడియో కాల్‌లో పిల్లల కన్నా ముందు మొక్కలనే చూపించమంటారు.

"ఇంకా గోధుమ రంగేనా?"

"ఇంకా అంతే నాన్నా."

"గీకి చూపించు."