పొరుగువారి పండుగ

డిసెంబరు మాసము ప్రవేశించినంతనే అమెరికాలోని పెక్కు పాఠశాలలలో క్రిస్మసు సందడి ఆరంభమగును. పిల్లలు పాటలు వల్లింతురు. కాగితపు నక్షత్రములు కత్తిరింతురు. వలస వచ్చిన ముస్లిము కుటుంబములో అప్పుడే ఒక ప్రశ్న తలయెత్తును: "అమ్మీ, మన యింటికి చెట్టు తేమా?" హైదరాబాదునుండి చికాగో చేరిన తల్లులకును ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

నవంబరు నాలుగవ గురువారమున వచ్చు థాంక్స్‌గివింగు విషయమున పెక్కుమందికి చిక్కు లేదు. అది కృతజ్ఞత తెలుపు దినము. హలాలు చేసిన టర్కీ కోడితో విందు జరుపుకొందురు. కొందరు దానినిగూడ ఒల్లరు.

క్రిస్మసు అట్లు కాదు. ఖురానులో 19వ అధ్యాయమునకు మరియము పేరే కలదు. ఏసును ముస్లిములు ఈసా ప్రవక్తగా గౌరవింతురు. కాని ఆయన దైవపుత్రుడను విశ్వాసమును అంగీకరింపరు. కావున కొందరు శుభాకాంక్షలు తెలిపి యూరకుందురు. కొందరు పొరుగువారి విందునకు పోవుదురు. కొందరు పిల్లలను బడిలోని వేడుకకు పంపనే పంపరు.

పెద్దలకిది ధర్మసూక్ష్మము, బిడ్డకు మాత్రము తరగతిలో ఒంటరితనము. రంజాను, బక్రీదు చాంద్రమానము ననుసరించి ఏటేట సుమారు 11 దినములు ముందుగా వచ్చును. బడి ఎరుగక ఆనాడే పరీక్ష పెట్టుటయు కలదు. 2015లో న్యూయార్కు నగరము తన ప్రభుత్వ పాఠశాలల సెలవుల పట్టికలో ఆ రెండు పండుగలను చేర్చెను.

తన పండుగకు బడిలో చోటున్న బిడ్డ పొరుగువాని పండుగను చూచి చిన్నబుచ్చుకొనదు. చెట్టు తెచ్చుటయు, తేకుండుటయు ఇంటివారి నిర్ణయము. ఆ చోటు కల్పించుట ఉపాధ్యాయుని పని.