గాజు తంతి: దాని వేగమును, వెలయును

మన వేములవాడ వీధులలో స్తంభమునుండి స్తంభమునకు సన్నని నల్లని తీగలు పోవుచుండుట అందరును చూచుచున్నదే. వానిలో కొన్ని టెలివిజను తీగలు. కొన్ని అంతర్జాలమును గృహములకు గొనివచ్చు ఫైబరు తీగలు. “ఇన్ని మెగాబిట్ల వేగము, నెలకు ఇన్ని రూపాయలు” అను ప్రకటనలు గోడలమీదను ఆటోల వెనుకను కానవచ్చుచున్నవి. తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “సార్, పిల్లల చదువుకు ఎంత వేగము కావలెను? ఎంత పైకము ఇచ్చుట న్యాయము?” ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న, ఆ తీగలో ఏమి ప్రవహించుచున్నదో, మనమిచ్చు పైకము దేనికి పోవుచున్నదో ముందుగా తెలిసికొనవలెను.

ఇది విలాసమునకు సంబంధించిన ప్రశ్న కాదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి కారణమున పాఠశాలలు మూతపడినపుడు, తెలంగాణ ప్రభుత్వము సెప్టెంబరు 1వ తేదీనుండి టీ-శాట్ ద్వారాను, దూరదర్శన్ యాదగిరి ద్వారాను పాఠములను ప్రసారము చేయించెను. ఆ యేర్పాటు మేలే చేసెను. కాని టెలివిజను పాఠము చెప్పగలదే గాని, బాలుని సందేహమును వినజాలదు. ఇంట అంతర్జాలము గల బాలుడు ఉపాధ్యాయుని ప్రశ్నింపగలిగెను. లేనివాడు వినుటతో సరిపెట్టుకొనవలసివచ్చెను. ఒకే బల్లమీద కూర్చుండిన యిద్దరి నడుమ ఒక తీగ యెంత దూరమును కల్పింపగలదో ఆ సంవత్సరము మనకు చూపినది. పాఠశాలలు తెరచినంతమాత్రమున ఆ దూరము తీరిపోలేదు. ఉపకార వేతనములకు దరఖాస్తులు, ప్రవేశ పరీక్షల హాల్ టికెట్లు, ఫలితములు నేడు ఆ మార్గముననే వచ్చుచున్నవి.

మొదట వేగమును గూర్చి చెప్పెదము. అంతర్జాలములో పోవు సమస్తమును, అక్షరమైనను చిత్రమైనను పాటయైనను, సున్నలుగాను ఒకట్లుగాను మార్చి పంపుదురు. అట్టి యొక్కొక్క అంకెకు బిట్టు అని పేరు. క్షణమునకు, అనగా ఒక సెకనునకు, పది లక్షల బిట్లు పోయినచో అది ఒక మెగాబిట్టు వేగము. అయితే మన ఫోనులోని పుస్తకములను, చిత్రములను కొలుచునది బిట్లతో గాదు, బైట్లతో. ఒక బైటునకు ఎనిమిది బిట్లు. కావున 30 మెగాబిట్ల వేగమనగా క్షణమునకు 30 మెగాబైట్లు వచ్చునని భ్రమపడరాదు. ఎనిమిదిచే భాగింపగా వచ్చునది మూడుముప్పాతిక మెగాబైట్లు మాత్రమే. ఈ చిన్న భాగహారము తెలియకనే అనేకులు తాము మోసపోయితిమని తలంచుచుందురు.

ఒక ఉదాహరణమును తీసికొందము. 30 మెగాబైట్ల పరిమాణము గల పాఠ్యపుస్తకము నొకదానిని ఇంటికి తెప్పించుకొనవలెననుకొనుడు. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మన దేశమున సామాన్యులకు అంతర్జాలమును ప్రారంభించినపుడు, టెలిఫోను తీగపై 9,600 బిట్ల వేగము లభించెడిది. 250 గంటలకు వెల 5,000 రూపాయలు, అనగా గంటకు 20 రూపాయలు. ఆ వేగమున మన పుస్తకము వచ్చుటకు దాదాపు ఏడు గంటలు పట్టును. టెలిఫోను ఖర్చు గాక 139 రూపాయలగును. 2004లో భారత ప్రభుత్వము బ్రాడ్‌బాండునకు 256 కిలోబిట్ల కనిష్ఠ వేగమును నిర్ణయించెను; ఆ వేగమున అదే పుస్తకమునకు పదునారు నిమిషములు. 2023లో ఆ కనిష్ఠ వేగమును 2 మెగాబిట్లకు పెంచిరి; దానికి రెండు నిమిషములు. నేటి 30 మెగాబిట్ల తీగపై ఎనిమిది క్షణములు చాలును. 2017 డిసెంబరు 27వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ ప్రారంభమైనపుడు 15 మెగాబిట్ల వేగమునకు నెల మొత్తమునకు వెల 149 రూపాయలు. అనగా 1995లో ఒక్క పుస్తకమునకు అయ్యెడి ఖర్చుతో ఇరువదిరెండేండ్ల పిదప ఒక కుటుంబమునకు నెలంతయు గడచెను.

ఈ మార్పునకు ముఖ్య కారణము గాజు. పూర్వము టెలిఫోనునకు రాగి తీగలు వాడెడివారు. రాగిలో విద్యుత్తు పోవును; దూరము హెచ్చినకొలది అది క్షీణించును. ఫైబరు తీగలో పోవునది విద్యుత్తు గాదు, వెలుతురు. తల వెండ్రుకంత సన్నని గాజు పోగు నడుమ మరింత సన్నని భాగములో వెలుతురు బంధింపబడి, పదవ తరగతి విద్యార్థులు చదువుకొను సంపూర్ణాంతర పరావర్తనమను న్యాయముచే వెలికి పోజాలక ముందునకే సాగిపోవును. గాజును మిక్కిలి శుద్ధిచేసినచో వెలుతురు బహుదూరము పోగలదని 1966లో చార్లెస్ కావో అను శాస్త్రజ్ఞుడు చూపెను. అందులకు ఆయనకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీవారు చేసిన గాజు పోగులో ఒక కిలోమీటరు పోవునప్పటికి నూటికి సుమారు రెండు వంతుల వెలుతురు మిగిలెను. దానినే గొప్ప విజయముగా ఎంచిరి. నేటి మంచి పోగులో కిలోమీటరు పిదప నూటికి 95 వంతులు మిగులును. ఈ వెలుతురు కంటికి కానరాదు గాని కంటికి హాని చేయవచ్చును. కావున తెగిపడిన ఫైబరు కొనను కంటి కెదురుగా పెట్టుకొని చూడరాదని బాలురకు ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

ఇక వెలను విచారింతము. గాజు పోగు అంత ఖరీదైనది కాదు. ఖరీదంతయు దానిని వేయు మార్గమునందున్నది: కందకము త్రవ్వుట, స్తంభము పాతుట, రోడ్డు కోయుటకు అనుమతి, తెగినచోట అతుకుట. ఒక కిలోమీటరు మార్గమునకు వంద యిండ్లున్నచో ఖర్చు వందమందికి పంచబడును. పది యిండ్లే యున్నచో పదిమందిపైననే పడును. పట్టణమున నాలుగు కంపెనీలు పోటీపడుటయు, పల్లెకు ఒకటియైనను రాకుండుటయు ఈ లెక్కవలననే.

ఈ లెక్క మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పల్లెలకు విద్యుత్తును కొనిపోవుట లాభకరము గాని కాలమున, 1970లో, సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము స్థాపితమైనది. నేడు మన యిండ్లలో వెలుగు దీపములు ఆ సంఘము వేసిన తీగలవే. లాభమునకై రానిదానిని ప్రజలు కూడి తెచ్చుకొనిరి. ఫైబరు విషయమునను ప్రభుత్వములు ఇట్టి మార్గములనే వెదకినవి. గ్రామ పంచాయతీ లన్నిటికిని గాజు తంతి వేయుటకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఒక పథకమునకు ఆమోదము తెలిపెను. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు. ఆంధ్రప్రదేశ్‌లో కందకములు త్రవ్వక, ఉన్న విద్యుత్ స్తంభములమీదనే సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను లాగిరి. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరు గొట్టములను గూడ వేసిరి. ఒకే కందకము దాహమును తీర్చును, విద్యను తెచ్చును. ఆ తీగపై టీ-ఫైబర్ సంస్థ 2024 డిసెంబరులో నాలుగు గ్రామములందు ప్రయోగాత్మకముగా సేవలారంభించెను; వానిలో నొకటి పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిదే యైన అడవి శ్రీరాంపూర్. 20 మెగాబిట్ల వేగమునకు నెలకు 300 రూపాయలని నాడు ప్రకటించిరి.

అయితే చౌక వెల యొకటే చాలదు. ఆంధ్రప్రదేశ్‌లోని 149 రూపాయల వెల తరువాతి సంవత్సరములలో పెరుగక తప్పలేదు. తీగ వేయుట ఒకనాటి ఖర్చు. గాలివానకు తెగినదానిని మరల అతుకుట ఏటేటి ఖర్చు. మరమ్మతునకు మనిషి రాని చౌక తీగకంటె, పిలిచిన మరునాడు మనిషి వచ్చు కొంచెము ప్రియమైన తీగ మేలు.

తీగ లేకయే అంతర్జాలము నిచ్చు క్రొత్త పద్ధతులును వచ్చినవి. ఐదవ తరము టవరునుండి ఇంటి మిద్దెమీది పెట్టెకు వార్త నంపుట ఒక పద్ధతి. జియో సంస్థ 2023 సెప్టెంబరులో హైదరాబాదు మొదలగు ఎనిమిది నగరములలో దీని నారంభించి, 30 మెగాబిట్లకు 599 రూపాయలు వెల పెట్టెను. కందకము అక్కరలేదు గనుక ఇది త్వరగా వచ్చును. కాని టవరు ఊరందరికి ఉమ్మడి. మహాశివరాత్రి జాతరకు జనులు లక్షలుగా వచ్చినపుడు మన ఫోనులలో గుర్తులు నిండుగా నున్నను మాట పోకుండుట ఎరిగినదే గదా! ఉమ్మడి మార్గమున రద్దీ హెచ్చినపుడు వేగము తగ్గును. ఫైబరు తీగయును కొంత ఉమ్మడియే. సాధారణముగా ఒక పోగునుండి 32 లేక 64 గృహములకు పంచుదురు. సెకనుకు సుమారు 2,500 మెగాబిట్ల మూల వేగమును 32 గృహములు ఒకేసారి వాడినను ఇంటికి సుమారు 78 మెగాబిట్లు దక్కును. రెండవ పద్ధతి ఉపగ్రహములది. భూమికి సుమారు 550 కిలోమీటర్ల యెత్తున తిరుగు చిన్న ఉపగ్రహములతో సేవ చేయు స్టార్‌లింక్ సంస్థకు భారత ప్రభుత్వము 2025 జూన్‌లో అనుమతి పత్రము నిచ్చినది. తీగయు టవరును చేరజాలని ఆదిలాబాదు అడవి గూడెములకు ఇది ఉపకరింపవచ్చును. పక్కనే ఫైబరు గల యింటికి దీని యవసరము లేదు.

ప్రకటనను చదువునపుడు గమనింపవలసిన సంగతులు నాలుగు. మొదటిది, పన్ను: ప్రకటించిన వెలపై నూటికి 18 వంతుల జి.ఎస్.టి. చేరును, 399 రూపాయలనునది చేతినుండి పోవునప్పటికి దాదాపు 471 రూపాయలగును. రెండవది, పరిమితి: “అపరిమితము” అను మాట వెనుక చిన్న యక్షరములతో ఒక హద్దుండును; అది దాటిన పిదప వేగము మిక్కిలి తగ్గును. నెలకు 3,300 గిగాబైట్ల హద్దు, అనగా దినమునకు 110, ఏ కుటుంబమునకైనను చాలును. హద్దు చిన్నదైనచో ఆలోచింపవలెను. మూడవది, ముందుగా కట్టవలసినది: పెట్టె ధర, బిగించు కూలి, ఆరు నెలల చందా ఒకేసారి అడుగుదురేమో కనుగొనవలెను. నాల్గవది, ఎక్కింపు వేగము: తెచ్చుకొను వేగమెంతయో పంపు వేగము అంత కాకపోవచ్చును, ఉపాధ్యాయుడు మన బాలుని ముఖమును చూచుట ఈ పంపు వేగముచేతనే.

ఎంత వేగము చాలును? ఒక వీడియో పాఠమునకు సుమారు 3 మెగాబిట్లు, స్పష్టమైన చలనచిత్రమునకు 5 మెగాబిట్లు చాలును. ఇద్దరు పిల్లలు పాఠము వినుచు, తండ్రి వార్తలు చూచుచున్న యింటికి 20 మెగాబిట్లే సమృద్ధి. 100 మెగాబిట్ల తీగ పాఠమును అయిదింతలు బాగుగా చెప్పదు. ఆ యధిక ధనముతో ఒక నిఘంటువును కొనుట మేలు. వేగము తక్కువగా తోచినపుడు పెద్ద చందాకు పోకమునుపు, ఇంటిలోని పెట్టెను ఇనుప బీరువా వెనుకనుండి తీసి ఇంటి నడుమ ఎత్తున పెట్టి చూడవలెను. గాజు తంతికి త్రోవలో విద్యుత్తు అక్కరలేదు గాని ఇంటిలోని పెట్టెకు కావలెను. కరెంటు పోయినపుడు పాఠము ఆగకుండ చిన్న బ్యాటరీ నొకటి అమర్చుకొనవచ్చును.

తల్లిదండ్రులారా, ఈ వెలలను నిర్ణయించువారు కంపెనీలవారే. ట్రాయ్ సంస్థకు తెలుపవలెనే గాని, ముందుగా అనుమతి పొందనక్కరలేదు. కావున వినియోగించువారి వివేకమే వారికి అదుపు. మీ పంచాయతీ కార్యాలయమువరకు వచ్చిన గాజు తంతి అక్కడనే ఆగియున్నదేమో గ్రామసభలో అడుగుడు. నీటి కుళాయి ఇంటింటికి రావలెనని అడిగినవారము, దీనిని అడుగుటకు సంకోచింపనేల? విద్యార్థులారా, తీగ మీ యింటికి వచ్చిననాడు, అది ఇంకను రాని సహపాఠి యొకడు మీ తరగతిలో నుండునని మరువకుడు. ఎనిమిది క్షణములలో మీకు వచ్చిన పుస్తకమును వానికి చూపుటకు ఏ కంపెనీయు చందా అడుగదు.